నర్సమ్మకు చెప్పుకున్న మాట

(మట్టెవాడలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నప్పుడు కార్యదర్శి గారు నేను కరువు భత్యం బకాయిల గురించో, లైఫ్ సర్టిఫికెట్ల గురించో మాట్లాడుతాననుకొని ఉంటారు. ఆ సంగతులు నాకంటే బాగా తెలిసినవారు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. నేను వేరే విషయం ఎన్నుకున్నాను. భర్త చేతిలో దెబ్బలు తిని దవాఖానకు వచ్చిన స్త్రీ యెడల నర్సుల ధర్మం ఏమిటి అన్నది ఆ విషయం. గుమాస్తాగా రిటైరైన వానికి దీనితో ఏం పని అని మీరు అడుగవచ్చు. పని ఉన్నది. దాదాపు 40 ఏండ్లుగా ఒక తప్పు నా మనసులో ఉన్నది. దానిని నలుగురిలో చెప్పుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది. ఇప్పుడు నాకు 76 ఏండ్లు. ఇంకా ఆలస్యం చేయడం మంచిది కాదు.

మట్టెవాడ వాళ్లకు దవాఖాన అంటే దూరపు మాట కాదు. మనం సి.కె.ఎం. అని పిలుచుకునే చందా కాంతయ్య స్మారక ప్రసూతి ఆసుపత్రి మన మధ్యనే ఉన్నది. మన పిల్లలు, మనుమలు ఎంతమంది అక్కడ పుట్టారో లెక్క లేదు. మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, అంటే మన ఎం.జి.ఎం., నడిచి పోయేటంత దూరం. 1959లో కాకతీయ వైద్య కళాశాల వచ్చిన నాటినుండి చుట్టుపక్కల జిల్లాల జనమంతా ఈ ఊరి దవాఖానలనే నమ్ముకొని వస్తున్నారు. వచ్చిన వాళ్లను మొదట పలకరించేది, రాత్రంతా చూసుకునేది, చివరికి సాగనంపేది నర్సులే. డాక్టరు గారు రౌండుకు వచ్చి పోతారు. సిస్టరు మాత్రం మంచం పక్కనే ఉంటుంది. అందుకే కొన్ని మాటలు డాక్టరు చెవిన పడవు, సిస్టరు చెవిన పడతాయి.

నేను చెప్పబోయే సంఘటన మాత్రం ఈ రెండు ఆసుపత్రులలోనిది కాదు. నేను బదిలీ మీద వెళ్లి పనిచేసిన వేరొక జిల్లాలోని సర్కారు దవాఖానలో జరిగింది. పేరు చెప్పను. తప్పు దవాఖానది కాదు, నాది.

నా బల్ల మీదికి వచ్చిన కాగితం

1986వ సంవత్సరం. నేను ఆ దవాఖాన ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా తపాలా సీటు చూస్తున్నాను. వచ్చే కాగితాలకు ఇన్‌వర్డు నంబరు, పోయే కాగితాలకు అవుట్‌వర్డు నంబరు వేసి పంపడం నా పని. ఒకనాడు పాతికేండ్ల స్త్రీ ఒకామె మోచేయి విరిగి క్యాజువాలిటీకి వచ్చింది. కంటి కింద నల్లగా కమిలి ఉన్నది. వెంట భర్త, అత్త ఉన్నారు. మెట్ల మీద నుండి జారి పడిందని అత్త చెప్పింది. రిజిస్టరులో అదే రాశారు. చేతికి కట్టు కట్టి వార్డులో చేర్చుకున్నారు.

ఆ వార్డులో ఒక పెద్ద సిస్టరు ఉండేవారు. సర్వీసులో నాకంటే పదేండ్లు పెద్ద. ఆమె మొదటి రోజు ఏమీ అడగలేదు. రెండవ రోజు అత్తగారిని మందుల చీటీ ఇచ్చి బయటి షాపుకు పంపి, దుప్పటి మారుస్తూ ఇంటి సంగతులు మాట్లాడారు. ఎన్ని అర్రలు, నీళ్లు ఎక్కడి నుండి తెచ్చుకుంటారు, ఇట్లాంటి మాటలు. మూడవ రోజు రాత్రి డ్యూటీలో మెల్లగా అడిగారట, "మీది పెంకుటిల్లు అంటివి గదా బిడ్డా, మెట్లెక్కడియి?" అని. అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. పెండ్లయిన నాటినుండి జరుగుతున్నదంతా చెప్పింది. చేయి విరిగింది రోకలిబండతో కొడితే అని చెప్పింది.

సిస్టరు గారు ఆమెను అడిగి, ఆమె సరేనన్న తర్వాతనే డాక్టరు గారికి చెప్పారు. డాక్టరు గారు వచ్చి ఆమెతో మాట్లాడి, ఆమె మాటలను కేసు షీటులో రాసి, మెడికో లీగల్ కేసుగా పోలీసులకు పంపవలసిన కాగితం తయారు చేశారు. ఆ కాగితం అవుట్‌వర్డు నంబరు కోసం సాయంత్రం నా బల్ల మీదికి వచ్చింది.

ఆమె భర్త నాకు తెలిసినవాడు. మన బాపతు ఉద్యోగే, వేరే శాఖ. సంఘం ధర్నాల్లో నా పక్కన కూర్చున్నవాడు. ఆయన ఆ సాయంత్రం నా కిటికీ దగ్గరికి వచ్చి చాయ్ తాగుదాం రమ్మన్నాడు. చాయ్ తాగుతూ, "మా ఆమె కాగితం ఏమన్న వచ్చిందా అన్నా? జర చూపియ్యి" అన్నాడు. నేను ఆలోచించలేదు. వాపసు వచ్చి ఆ కాగితం ఆయన వైపు తిప్పి పెట్టాను. చదివి ఆయన, "ఒక్క రాత్రి ఆపు అన్నా, ఇంటి సంగతి, నేను మాట్లాడుకుంటా" అన్నాడు. ఎట్లాగూ ఆఫీసు టైమైపోయింది కదా అని కాగితం సొరుగులో పెట్టి ఇంటికి పోయాను.

పొద్దున వచ్చేసరికి ఆ మంచం ఖాళీగా ఉన్నది. డాక్టరు వద్దన్నా తన ఇష్టం మీదనే వెళ్తున్నట్లు కేసు షీటులో రాసి ఉన్నది. కుడి చేయి కట్టులో ఉన్నది గనుక సంతకం లేదు, వేలిముద్ర ఉన్నది.

పది గంటలకు సిస్టరు గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. గొంతు పెంచలేదు. ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉన్నాయి. "సారూ, ఆ మాట ఆమె నాకు చెప్పింది. మీకు చెప్పలే. ఆయనకు అసలే చెప్పలే. ఆ ఒక్క మాట కోసం నాకు మూడు దినాలు పట్టింది."

నేను సిగ్గులేకుండా, "ఆయన భర్తే గదా సిస్టరు, తెలిస్తే ఏమైతది?" అన్నాను.

"భర్త గనుకనే తెలియకూడదు" అని వెళ్లిపోయారు.

ఆ స్త్రీ నేను అక్కడ పనిచేసినంత కాలం మళ్లీ ఆ దవాఖానకు రాలేదు. దెబ్బలు ఆగిపోయి రాలేదా, ఎవరికి చెప్పుకున్నా లాభం లేదని రాలేదా అని అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను. రెండవదే నిజమని నా మనసు చెబుతుంది. ఆ పోలీసు కాగితం మరునాడు పంపినాను. మనిషి లేని కాగితానికి విలువేముంది?

సిస్టరు నేర్పిన సంగతులు

ఆ పెద్ద సిస్టరు ఇప్పుడు లేరు. నా తప్పు తర్వాత రెండేండ్లు అదే దవాఖానలో ఉన్నాను. కొంతకాలానికి ఆమె నాతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమె పనిచేసే తీరు చూసి, తర్వాతి కాలంలో చదివి, తెలిసినవాళ్లను అడిగి నేను గ్రహించిన సంగతులు ఇప్పుడు చెప్తాను. ఇక్కడున్న నర్సింగు విద్యార్థినులకు పాఠాల్లో ఇవి వచ్చే ఉంటాయి. ఒక గుమాస్తా నోట వినడం కూడా మంచిదే.

మొదటిది, చూడటం. దెబ్బలు తిన్న స్త్రీ దెబ్బలు తిన్నానని చెప్పి రాదు. పడ్డాననో, తలుపు తగిలిందనో చెబుతుంది. చెప్పిన కథకు, గాయానికి పొంతన ఉండదు. కొత్త గాయం పక్కన పచ్చబడిన పాత గాయం ఉంటుంది. దెబ్బ తగిలిన రెండు మూడు రోజులకు వస్తుంది. ప్రశ్న ఆమెను అడిగితే జవాబు భర్త చెబుతాడు. కొందరికి గాయమే కనపడదు. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఒంట్లో నీరసం అని పదిసార్లు వస్తారు. గర్భవతిగా ఉన్నప్పుడు కూడా దెబ్బలు ఆగవు. అందుకే ప్రసూతి ఆసుపత్రి నర్సులు, ఊళ్లలో తిరిగే ఏ.ఎన్.ఎం.లు ఎక్కువ కనిపెట్టుకొని ఉండాలి. ఇక మనది పత్తి పండే ప్రాంతం. పురుగుల మందు ఇంట్లోనే ఉంటుంది. మందు తాగి వచ్చిన ఆడపిల్లకు కడుపు కడిగి పంపితే సగం వైద్యమే అవుతుంది. ఎందుకు తాగింది అన్నది మిగతా సగం. ఒకప్పుడు ఆత్మహత్యాయత్నం అంటే నేరం, కేసు అని భయపెట్టేవారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చిన తర్వాత అట్లాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలి, సంరక్షణ ఇవ్వాలి. భయపెట్టే పని ఇప్పుడు లేదు.

రెండవది, ఏకాంతం. అందరి ముందు "మీ ఆయన కొట్టిండా?" అని అడగడం కంటే అడగకపోవడమే నయం. పక్కన అత్త ఉంటే నిజం రాదు సరికదా, ఇంటికి పోయిన తర్వాత ఆ ప్రశ్నకు కూడా దెబ్బలు పడతాయి. మన దవాఖానలలో ఏకాంతం ఎక్కడిది, మంచం పక్కన మంచం, మంచానికి ఇద్దరు ముగ్గురు అటెండెంట్లు అని మీరు అనవచ్చు. మా సిస్టరు గారికి కూడా గది లేదు. ఇంజెక్షను గది, బరువు తూచే చోటు, ఎక్స్‌రేకు నడిపించుకొని పోయే వరండా, ఇవే ఆమెకు గదులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. వచ్చిన ప్రతి స్త్రీని వరసబెట్టి ప్రశ్నించమని ఆ సంస్థ చెప్పలేదు. అనుమానం కలిగించే గుర్తులు ఉన్నప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు, అడిగేవారికి శిక్షణ ఉన్నప్పుడు అడగమన్నది.

మూడవది, నమ్మడం, తీర్పు చెప్పకపోవడం. "నువ్వేమన్నావు అంతగనం కోపమొచ్చెటట్టు?" అని అడిగే నర్సులను నేను చూశాను. "పిల్లలున్నరు, సర్దుకపో" అని చెప్పే వారినీ చూశాను. వాళ్లు చెడ్డవాళ్లు కారు. మనందరి ఇండ్లల్లో పెరిగినవాళ్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 100 మంది స్త్రీలను అడిగితే 80 మందికి పైగా, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్నారు. కూర మాడిందనో, చెప్పకుండా బయటికి పోయిందనో, అత్తమామలను గౌరవించలేదనో, ఏదో ఒక కారణం. అదే సర్వేలో పెండ్లయిన స్త్రీలలో 100కు 37 మంది దాకా భర్త హింసను అనుభవించామని చెప్పారు. నర్సు కూడా ఆ 100 మందిలో ఒకరే. కానీ తెల్ల కోటు వేసుకొని వార్డులోకి పోయిన తర్వాత ఇంటి తీర్పులు గుమ్మం బయట పెట్టాలి. "నీ తప్పు లేదు బిడ్డా, ఇట్ల కొట్టడం ఎవ్వరికి హక్కు లేదు" అనే ఒక్క మాట చాలామంది స్త్రీలు జీవితంలో మొదటిసారి నర్సు నోటనే వింటారు.

నాలుగవది, రాయడం. ఇది గుమాస్తా మాట, శ్రద్ధగా వినండి. కాగితం మీద లేనిది కోర్టులో లేదు. ఎక్కడ, ఎంత పొడవు, ఏ రంగు గాయం అన్నది డాక్టరు రాస్తారు. ఆమె ఏమన్నది, ఎట్లా ఉన్నది, వెంట ఎవరు వచ్చారు అన్నవి నర్సు నోట్సులో ఉండాలి. ఆమె మాటలను ఆమె చెప్పినట్టే రాయాలి. "కుటుంబ కలహం" అని ఒక్క ముక్కలో రాస్తే అందులో ఎవరు ఎవరిని కొట్టారో ఉండదు. జారి పడిందని ఆమెనే చెబితే అదే రాయాలి. దానికింద గాయం తీరు చెప్పినదానితో సరిపోవడం లేదని కూడా రాయాలి. ఇయ్యాల ఆమె కేసు వద్దనవచ్చు. ఐదేండ్లకు కావాలనిపిస్తే ఆ కాగితమే సాక్ష్యం.

కాలిన గాయాలతో వచ్చిన స్త్రీ విషయంలో ఇది మరీ ముఖ్యం. స్టవ్ పేలిందని చెప్పే కేసులు ఆ రోజుల్లో ఎన్ని వచ్చేవో ఇక్కడున్న అక్కలకు తెలుసు. మరణ వాంగ్మూలం మేజిస్ట్రేటు గారు తీసుకుంటారు. అప్పుడు బంధువులు ఎవరూ దగ్గర ఉండకుండా చూడటం సిస్టరు పనే. మేజిస్ట్రేటు వచ్చేలోపల ప్రాణం పోతుందనిపిస్తే ఆమె నర్సుకు చెప్పిన మాటకు కూడా సాక్ష్యపు విలువ ఉంటుంది. చెవిన పడ్డది పడ్డట్టు, టైము వేసి రాయాలి. ఒక మాట కలుపకూడదు, ఒక మాట తీయకూడదు.

ఐదవది, రహస్యం. రోగి చెప్పుకున్న మాటను దాచాలనేది నర్సుల వృత్తిలో చాలా పాత ధర్మం. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో నైటింగేల్ పేరు మీద తయారైన ప్రతిజ్ఞలోనే అది ఉన్నది. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో ఆమోదించిన నీతి నియమావళి అనేక మార్పులతో 2021 దాకా వచ్చింది. అన్నింటిలోనూ ఆ ధర్మం నిలిచి ఉన్నది. రహస్యమంటే పత్రికలకు చెప్పకపోవడం మాత్రమే కాదు. భర్తకు, అత్తకు, వార్డు బాయికి, తపాలా గుమాస్తాకు కూడా చెప్పకపోవడం. నర్సు ఎంత దాచినా కాగితం పోయే దారిలో నావంటి వాడు ఒకడుంటే చాలు, అంతా బయటపడుతుంది. అందుకే ఈ ధర్మం నర్సులది మాత్రమే కాదంటున్నాను.

అయితే రహస్యానికి హద్దు కూడా ఉన్నది. పద్దెనిమిదేండ్లు నిండని పిల్లను పెండ్లి చేసి పంపితే, ఆ పిల్ల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలుపక తప్పదు. మెడికో లీగల్ కేసు అయినప్పుడు దవాఖాన పోలీసులకు తెలియజేస్తుంది. ఇట్లాంటి సంగతులు ఆమె నోరు విప్పక ముందే చెప్పాలి. "నువ్వు చెప్పింది నా దగ్గరనే ఉంటది, కాని ఫలానా సంగతైతే పై వాళ్లకు చెప్పక తప్పదు" అని. ఎవ్వరికీ చెప్పనని మాట ఇచ్చి తర్వాత చెప్పడం నమ్మకద్రోహం.

ఆరవది, నిర్ణయం ఆమెదే. ఇదే అన్నింటికన్నా కష్టం. ఇంత విన్న తర్వాత ఆమె తిరిగి అదే ఇంటికి పోతానంటుంది. సిస్టరుకు కోపం వస్తుంది. కానీ పోవడానికి ఆమెకు కారణాలుంటాయి. పిల్లలు అక్కడున్నారు, పుట్టింట్లో చోటు లేదు, చేతిలో పైస లేదు. పైగా విడిచి వెళ్తానన్న సమయంలోనే ప్రమాదం ఎక్కువని ఈ పనిలో ఉన్నవాళ్లంతా చెబుతారు. నర్సు చేయగలిగింది, ఆ ఇంట్లోనే ప్రాణం కాపాడుకునే ఉపాయం ఆలోచించడం. కొట్లాట మొదలైతే ఏ ఇంటికి పరుగెత్తాలి, ఆధార్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఎవరి దగ్గర దాచాలి, ఫోను నంబరు ఎట్లా గుర్తు పెట్టుకోవాలి. నంబరు రాసిన చీటీ చేతికివ్వడం కూడా ఆలోచించి చేయాలి. ఆ చీటీ భర్త జేబులు తడిమేటప్పుడు దొరికితే ఏమవుతుంది? మా సిస్టరు గారు ఏదీ రాసి ఇచ్చేవారు కారు. "మళ్ల ఎప్పుడొచ్చినా నేనుంట" అని పంపేవారు. మళ్లీ వస్తే, "చెప్తె వినకపోతివి" అని ఎప్పుడూ అనలేదు.

చట్టం ఏమంటున్నది

1986లో మనకు ఉన్నది ప్రధానంగా 1983లో చేర్చిన 498-ఎ సెక్షను. అదిప్పుడు 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉన్నది. అది శిక్షించే చట్టం. ఆడవాళ్లలో చాలామంది భర్త జైలుకు పోవాలని కోరుకోరు, దెబ్బలు ఆగాలని కోరుకుంటారు. 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుండి అమలైన గృహహింస నిరోధక చట్టం దానికోసమే. కొట్టకుండా ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, ఇవన్నీ మేజిస్ట్రేటు ద్వారా దొరుకుతాయి. పెండ్లి కాకుండా భార్యాభర్తల వలె కలిసి ఉంటున్న స్త్రీకి కూడా ఇది వర్తిస్తుంది.

ఈ చట్టంలో దవాఖానల పేరెత్తి చెప్పిన సంగతులు నర్సులందరూ నోటికి నేర్చుకోవాలి. బాధితురాలికి వైద్య సహాయం అందించడం ఆసుపత్రి విధి. ముందుగా ఫిర్యాదు లేదనే సాకుతో వైద్యం నిరాకరించకూడదు. గృహహింస నివేదిక అంతకుముందు లేకపోతే ఆసుపత్రి బాధ్యులే నింపి రక్షణాధికారికి పంపాలి. వైద్య పరీక్ష నివేదిక నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. ఈ నకలు కోసం పదిసార్లు తిప్పుకునే గుమాస్తాలు నా కాలంలో ఉండేవారు. ఇప్పుడూ ఉంటే వాళ్లకు ఈ నియమం చూపించండి. హింస జరుగుతున్నదని నమ్మి సద్బుద్ధితో రక్షణాధికారికి సమాచారం ఇచ్చినవారి మీద సివిలు గానీ క్రిమినలు గానీ బాధ్యత ఉండదని కూడా ఆ చట్టంలోనే ఉన్నది. కాబట్టి నర్సులు కోర్టుల భయంతో నోరు మూసుకోవలసిన పని లేదు.

ముంబయి బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో 2000 సంవత్సరంలో ‘దిలాసా’ అనే కేంద్రం మొదలైంది. దిలాసా అంటే మన వరంగల్లు వాళ్లకు చెప్పనక్కరలేదు, ధైర్యం చెప్పి ఓదార్చడం. నగరపాలక సంస్థ, సెహత్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి నడిపిన ఆ కేంద్రం దవాఖానలో ఒక విభాగంగానే పనిచేసింది. నర్సులకు, డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు. దెబ్బలతో వచ్చిన స్త్రీని గుర్తించి, కట్టు కట్టిన తర్వాత ఆ గదికి పంపేవారు. దవాఖానకు పోతున్నాననే మాట భర్తకు అనుమానం కలిగించదు. పోలీసు స్టేషనుకు పోలేని స్త్రీ కూడా దవాఖానకు రాగలదు. అందులోని తెలివి అదే. మన దగ్గర హైదరాబాదులో ‘భూమిక’ పత్రిక వారు 2006లో హెల్ప్‌లైను పెట్టారు. 2015 నుండి కేంద్ర ప్రభుత్వ పథకం కింద ‘సఖి’ కేంద్రాలు వచ్చాయి. వైద్యం, పోలీసు, న్యాయ సలహా, తాత్కాలిక వసతి ఒకేచోట దొరికేటట్టు వాటిని ఏర్పాటు చేశారు. 181 నంబరుకు ఫోను చేయవచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం చెబుతున్నది.

ఇన్ని ఉన్నా, 2019-21 సర్వే ప్రకారం దేశంలో హింసకు గురైన స్త్రీలలో 100కు 14 మందే ఎవరి సహాయమైనా కోరారు. వాళ్లలో కూడా ఎక్కువమంది వెళ్లింది పుట్టింటివారి దగ్గరికి. వైద్య సిబ్బందికి చెప్పుకున్నవారు బహు కొద్దిమంది. చేయి విరిగితే దవాఖానకు వస్తారు, కానీ ఎట్లా విరిగిందో చెప్పరు. చెప్పేటట్టు చేయడమే మిగిలిన పని.

రెండు సందేహాలు

ఈ ప్రసంగం గురించి ముందే తెలిసిన మిత్రుడొకరు నన్ను అడిగారు, "తప్పుడు కేసులు కూడా ఉన్నయి గదా, నర్సులు ఇండ్లల్లో మంట పెడితే ఎట్ల?" అని. సందేహం సహజమే. 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ కేసులో, 498-ఎ కింద ఫిర్యాదు రాగానే యాంత్రికంగా అరెస్టు చేయవద్దని పోలీసులకు చెప్పింది. నిజానిజాలు తేల్చడానికి పోలీసులున్నారు, కోర్టులున్నాయి. నర్సు జడ్జి కాదు. జ్వరమని వస్తే నిజంగా ఉన్నదా అని తగాదా పెట్టుకోదు, థర్మామీటరు పెట్టి వచ్చిన అంకె రాస్తుంది. ఇక్కడా అంతే. చూసింది, విన్నది ఉన్నదున్నట్టు రాస్తే అబద్ధమాడిన వాళ్లకు కూడా ఆ కాగితమే అడ్డం వస్తుంది.

ఇంకో సోదరి, రిటైరైన హెడ్ నర్సు, వేరే మాట అడిగారు. "రాత్రి డ్యూటీలో వార్డంతా ఒక్కదాన్నే చూసుకునేదాన్ని, ఇవన్ని ఎప్పుడు చెయ్యాలె తమ్మీ?" అన్నారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. పోస్టులు నింపకుండా ధర్మాలు చెప్పడం న్యాయం కాదు. ఆమె ఆగి మరో మాట అన్నారు. "మాల ఎంతమందిమి ఇంట్ల దెబ్బలు తిని, పౌడరు రాసుకొని డ్యూటీకి వచ్చినమో నీకు ఎరుకనా?" నాకు ఎరుక లేదు. అటువంటి నర్సు ఎదుట దెబ్బలు తిన్న మనిషి వచ్చి పడుకుంటే ఆమె మనసు ఎట్లా ఉంటుంది? కొందరు ముఖం తిప్పుకుంటారు, కొందరు అతిగా మీద వేసుకుంటారు. ఆమెకు కూడా చెప్పుకునే చోటు దవాఖానలోనే ఉండాలి. ఆమె రహస్యం కూడా రహస్యంగానే ఉండాలి.

మన వంతు

పింఛనుదార్లం మనమేం చేయగలం? మూడు పనులు చెప్తాను. ఒకటి, మనలో గుమాస్తాలం చాలామందిమి. దరఖాస్తు రాయడం మనకు చేతనైన పని. సఖి కేంద్రం వారిని, జిల్లా న్యాయసేవాధికార సంస్థ వారిని సంఘం తరఫున కలిసి, కాగితాలు రాయడానికి, నకళ్లు తీయించడానికి అవసరమైతే వస్తామని చెబుదాం. రెండు, ఇప్పుడు సర్వీసులో ఉన్న రికార్డు సెక్షన్ల పిల్లలకు ఈ సంగతి చెబుదాం. భర్త అడిగినా, బంధువు అడిగినా, దోస్తు అడిగినా ఆ కాగితం తిప్పి చూపించవద్దని. మూడు, మనం అటెండెంట్లుగా వార్డుకు పోయినప్పుడు సిస్టరు బయటికి పొమ్మంటే పోదాం. ఆమె మనల్ని అవమానించడం లేదు, పక్క మంచం మనిషికి నోరు విప్పే అవకాశం ఇస్తున్నది.

చివరిగా ఒక మాట. నేను ఆ భర్తను తప్పుపట్టి నన్ను మంచివాణ్ణని చెప్పుకోవడానికి రాలేదు. మా పెండ్లయిన కొత్తలో, కూరలో ఉప్పు ఎక్కువైందని నేను కంచం గోడకేసి కొట్టిన రోజు ఉన్నది. ఒకసారి చేయి కూడా లేచింది. ఆ చేయి ఎవరి మీద లేచిందో ఆమె ఈ హాల్లో మూడవ వరుసలో కూర్చొని ఉన్నది. ఈ సంగతి చెప్పనా అని నిన్న రాత్రి అడిగాను. "చెప్పు, ఇన్నేండ్లకు అడిగినవు" అన్నది. అందుకే చెబుతున్నాను. 1986లో ఆ కాగితం తిప్పి చూపించిన చేయి, ఈ చేయి ఒక్కటే. భర్త అడిగితే చూపించడంలో తప్పేముందని నాకు తోచిందంటే, భార్య మాట భర్త సొత్తేనని నేను కూడా అనుకున్నాను గనుకనే.

నర్సింగు విద్యార్థినులారా, రేపు మీ వార్డులోకి మెట్లు లేని ఇంటినుండి మెట్ల మీద పడ్డానని చెప్పే ఆడమనిషి తప్పక వస్తుంది. ఆమె మాట కోసం మూడు రోజులు పట్టినా ఓపిక పట్టండి. విన్న తర్వాత కాపాడండి. ఆ కాగితం ఎవరి బల్ల మీదికి పోతుందో కూడా ఒక కన్నేసి ఉంచండి.